జ్వరం ముందు నాకే వచ్చిందన్న పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. పొద్దున్న విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో మా ఫ్యాక్టరీ గేటు ముందు స్కూటర్‌కు స్టాండు వేస్తుండగా అన్నయ్య ఫోన్ చేశాడు. అన్నయ్య అంటే పెద్దమ్మ కొడుకు. "సెల్లీ, అమ్మ ఎల్లిపోనాది. మీ యమ్మ సేత్తోనే రెండు గుక్కలు టీ తాగినాది. దిండు సర్దమన్నాది. సర్దీలోగా అయిపోనాది" అన్నాడు. స్కూటర్ వెనక్కి తిప్పి తాల్‌బగీచాలో పెద్దమ్మ ఇంటికి వెళ్ళేదాకా దారంతా ఏడ్చాను. ఇంటికి చేరి ఆవిడ ముఖం చూశాక ఏడుపు ఆగిపోయింది. ఎవరినో ఒక మాట అనేసి, వాళ్ళు జవాబు వెతుక్కునేలోగా కళ్ళు మూసుకున్న మనిషిలా ఉంది.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా "పాపం, ఎన్నేళ్ళు మంచాన పడిందో" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ పడ్డ కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ నవ్విన మనిషిని పట్టుకుని పాపం అంటే ఎలా? చావింట్లో వాదన పెట్టుకోకూడదు కాబట్టి ఊరుకున్నాను. ఆ రోజు మింగిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బెంగాల్‌లో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పనిలో స్థిరపడ్డ కుటుంబం. పెద్దనాన్న, నాన్న ఇద్దరూ ఆ వర్క్‌షాపులోనే పనిచేసి రిటైరయ్యారు. మొదట్లో అందరూ ఒకే రైల్వే క్వార్టర్‌లో ఉండేవారట. మా అమ్మ కొత్త కోడలిగా ఆ ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ అప్పటికే అక్కడ పాతది. మా వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త కోడలు అత్తింట్లో తినే మొదటి భోజనం పెద్ద కోడలితో కలిసి ఒకే కంచంలో తినాలి. ఇంటికి మంచిదని నానమ్మ నమ్మకం. అందరూ ఆ ఒక్క పూటా తిని, తర్వాత ఎవరి కంచం వాళ్ళు తెచ్చుకుంటారు. మా ఇంట్లో మాత్రం రెండో పూట అమ్మ తనకో కంచం తీసుకోబోతే, "రెండెందుకు పిల్లా, తోముకోడానికా" అందట పెద్దమ్మ. అంతే, ఆ రెండో కంచం మళ్ళీ అవసరం పడలేదు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూసిన దృశ్యమే అది. మగవాళ్ళు తిని లేచాక, పిల్లలు పడుకున్నాక, వంటింటి గడప దగ్గర ఇద్దరూ కంచం మధ్యలో పెట్టుకుని కూర్చునేవారు. అమ్మకు కూర ముక్క ఇష్టం, పెద్దమ్మకు పులుసు ఇష్టం. కంచంలో గీత గీసినట్టు అటు ముక్కలు, ఇటు పులుసు చేరేవి. సాయంత్రాలు ఒక గిన్నెలో ముఢీ, అంటే మరమరాలు పోసుకుని, బెంగాలీలు ఆవనూనె కలిపే చోట ఆవకాయ ఊట కలిపి, ఆ గిన్నెలోనే చేతులు పెట్టి తినేవారు. ఒకరు కొరికిన పచ్చిమిరపకాయ ఇంకొకరు అందుకునేవారు. పక్క క్వార్టర్‌లో మేం బౌదీ అని పిలిచే బెంగాలీ ఆవిడ వచ్చి చూసి, "మీరు నిజంగా అక్కాచెల్లెళ్ళు కాదా?" అని ప్రతిసారీ అడిగేది. "కాదు దీదీ, అక్కాచెల్లెళ్ళయితే కొట్టుకునీవోళ్ళం" అనేది పెద్దమ్మ.

నేను పుట్టకముందు జరిగిన జ్వరం సంగతి చెప్పాలి, ఎందుకంటే మిగతా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అమ్మ కాపరానికి వచ్చిన మొదటి ఏడాది ఆవిడకు జ్వరం వచ్చి, గొంతు నొప్పి పుట్టి, మెడకు రెండు వైపులా బిళ్ళలు కట్టాయి. నానమ్మ ఒక్క చూపు చూసి గవదబిళ్ళలని తేల్చేసింది. మెడలో బంగారు గొలుసు వేస్తే గవదలు తగ్గుతాయని మా వైపు గట్టి నమ్మకం. అమ్మకున్న గొలుసు సన్నది, సరిపోదని పెద్దమ్మ మెడలోని లావు గొలుసు తీయించి అమ్మ మెడలో వేసింది నానమ్మ. ఆ గొలుసుకు క్వార్టర్ల లైనంతటా పేరుంది. ఎవరి పిల్లలకు గవదలొచ్చినా అడిగి పట్టుకెళ్ళి, తగ్గాక పసుపు నీళ్ళతో కడిగి తెచ్చి ఇచ్చేవారు. అమ్మ వారాల తరబడి నీరసంగా పడుంది. లేచి తిరగడం మొదలుపెట్టాక పెద్దమ్మ పడింది. అదే గొంతు నొప్పి, అవే బిళ్ళలు.

గొలుసు మళ్ళీ పెద్దమ్మ మెడలోకి చేరింది గానీ జ్వరం తగ్గలేదు. పెద్దనాన్న ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి పెద్ద డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, రక్తం పరీక్ష చేయించి, ఇది గవదబిళ్ళలు కాదు, గ్లాండ్యులర్ ఫీవర్ అన్నాడు. ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగి, అమ్మకు వచ్చిందీ ఇదే అయుంటుందన్నాడు. మందేమీ లేదు, విశ్రాంతి తీసుకోవాలి, బరువులు ఎత్తకూడదు, అదే పోతుందని చెప్పి పంపాడు. అది పోయింది. ఆ పేరు మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. ఎవరు కాస్త బద్ధకంగా పడుకున్నా, "ఏటి, గ్లాండు జొరమా?" అని అడగడం మా ఇంటి వేళాకోళం. నేనూ చాలాసార్లు అనిపించుకున్నాను.

అన్నయ్య, నేను బళ్ళో చదువుకునే రోజుల్లో పెద్దమ్మకు ఒక కన్ను మసకబారింది. కొన్ని వారాలకు అదే బాగయింది. తర్వాత ఎడమ కాలు తిమ్మిరెక్కి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. తల వంచితే వెన్ను పొడుగునా కరెంటు పాకినట్టు ఉందని చెప్పేది. కలకత్తా తీసుకెళ్ళి తలకు స్కానింగ్ చేయిస్తే మల్టిపుల్ స్క్లీరోసిస్ అన్నారు. ఒంటిని కాపాడవలసిన శక్తే పొరపాటు పడి, నరాల మీది తొడుగును తినేస్తుందట. పెద్దనాన్న అది విని వచ్చి మాకు తన భాషలో చెప్పాడు. "తీగ బాగానే ఉన్నాది. పైన రబ్బరు ఊడిపోతన్నాది. అందుకే సిగ్నల్ సరిగ్గా అందదు." పెద్దమ్మ వెంటనే ఎడమ కాలుకు గూడ్సు బండి అని పేరు పెట్టింది. ఎవరైనా తొందర పెడితే, "ఉండండి, సిగ్నల్ ఇచ్చినాను. గూడ్సు గదా, బేగి కదల్దు" అనేది.

తాల్‌బగీచాలో అన్నదమ్ములిద్దరూ కలిసి ఇల్లు కట్టుకున్నాక పెద్దనాన్న మంచం నుంచి వంటింటి దాకా గోడ పొడుగునా ఇనుప గొట్టం బిగించాడు. పెద్దనాన్న పోయాక కూడా ఆవిడ ఆ గొట్టం పట్టుకునే తిరిగింది, నడవగలిగినన్నాళ్ళూ. తర్వాత చక్రాల కుర్చీ వచ్చింది. వేడి తగిలితే ఈ జబ్బు మరీ లాగేస్తుంది, మన ఖరగ్‌పూర్ వేసవి సంగతి తెలిసిందే. ఎండాకాలమంతా మెడ చుట్టూ తడి తువ్వాలుతో కూర్చునేది. మాతా పూజ ఊరేగింపు మా వీధిలోకి వచ్చినప్పుడు ఘటం ఎత్తుకున్నవాళ్ళ కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోయడానికి అందరూ బిందెలతో గుమ్మాల్లో నిలబడతారు. పెద్దమ్మ తన కుర్చీ కూడా గుమ్మంలో పెట్టించుకుని, సగం బిందె పోయించి, "అమ్మోరికి సాలు. మిగతాది నా నెత్తిన పొయ్యండి" అనేది. పూజలో ఉన్న ముసలమ్మలు కూడా నవ్వేవారు.

ఇక నా సంగతి. ఫ్యాక్టరీలో నా పని సరుకు నాణ్యత చూడడం. ఎక్కడైనా ఒక ముక్క చెడిపోతే అది ఎందుకు చెడిపోయిందో, ఏ మెషీను దగ్గర, ఏ షిఫ్టులో తేడా వచ్చిందో వెనక్కి తవ్వుకుంటూ పోవాలి. అలవాటు ఇంటిదాకా వచ్చింది. పాలు విరిగినా కారణం కావాలి నాకు. నేను వేరే ఉండేది పూరీ గేట్‌లో, అక్కడి నుంచి ప్రతి ఆదివారం తాల్‌బగీచా వెళ్ళేదాన్ని. కూర్చోగానే పెద్దమ్మ, "ఒచ్చినాదండీ ఇనిస్పెట్టరు" అనేది. మంచినీళ్ళు ఇస్తూ అమ్మ కూడా నవ్వేది.

కొన్నాళ్ళ కిందట పెద్దమ్మను మామూలు తనిఖీకి కలకత్తా తీసుకెళ్ళాం. పాత డాక్టరు బదులు వయసులో చిన్న డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఓపికగా అన్నీ మొదటి నుంచీ అడిగింది. అడుగుతూ అడుగుతూ, చిన్నవయసులో గ్లాండ్యులర్ ఫీవర్ ఏమైనా వచ్చిందా అంది. పెద్దమ్మకు సంబంధించిన ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేది మా అమ్మే. ఏ మందు ఎప్పుడు మార్చారో, ఏ ఏడు ఏ చెయ్యి తిమ్మిరెక్కిందో ఆవిడకు నోటికి వచ్చు. ఆ రోజు కూడా హుషారుగా, తనకు వచ్చిన బెంగాలీలో, "ఆగే ఆమార్, తార్‌పొరే దీదీర్" అంది. ముందు నాకు, తర్వాత దీదీకి అని.

డాక్టరమ్మ తల ఊపి రాసుకుంది. ఎందుకు అడిగారని నేనే అడిగాను. ఆ జ్వరం తెచ్చే వైరస్‌కూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నారని చెప్పింది. అది ఎంగిలి ద్వారా ఒకరి నుంచి ఒకరికి వెళ్తుందట. దాదాపు మనుషులందరి ఒంట్లోనూ ఏదో ఒక వయసులో చేరుతుందట. చిన్నప్పుడే చేరితే చాలామందికి తెలియను కూడా తెలియదు, పెద్దయ్యాక చేరితే ఇలా జ్వరమై కనిపిస్తుంది. చేరాక జన్మంతా ఒంట్లోనే ఓ మూల పడుంటుంది. కానీ అంతమందిలో ఈ జబ్బు వచ్చేది ఏ కొద్దిమందికో. వైరస్ ఒక్కటే చాలదు, ఇంకా ఏవేవో కలవాలి, అవన్నీ ఏమిటో మాకూ పూర్తిగా తెలియదు అంది ఆవిడ. అమ్మ వింటోందని నేను గమనించాను గానీ, ఎంతవరకు విని ఆగిపోయిందో గమనించలేదు.

హౌరా నుంచి తిరిగి వచ్చే లోకల్‌లో పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని కారం కలిపిన ఝాల్‌ముఢీ కొనిపించింది. పొట్లం అమ్మ వైపు చాపితే అమ్మ వద్దంది. కళ్ళు నొప్పంది, తలనొప్పంది. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ వంటింట్లోంచి రెండు కంచాలు తెచ్చింది. ఒకటి పెద్దమ్మ ముందు పెట్టి, అందులో ఒక చెంచా వేసి, రెండోది తీసుకుని తను వెళ్ళి దూరంగా కూర్చుంది.

అప్పటికి పెద్దమ్మ చేతులు బాగా బలహీనపడ్డాయి. అమ్మే అన్నం కలిపి, ఒక ముద్ద ఆవిడ నోట్లో పెట్టి, ఒక ముద్ద తను తినేది. ఆ రోజు నుంచి అది ఆగిపోయింది. చెంచాతో ఆవిడకు పెట్టడం, తర్వాత తను వేరే తినడం. పెద్దమ్మ గ్లాసును సలసల కాగే నీళ్ళతో కడగడం. కూరలో ఉప్పు చూసినా ఆ గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టకపోవడం. పెద్దమ్మ మొదటి రెండు రోజులు అలాగే తిందట. మూడో రోజు నుంచి చెంచా దగ్గరకు రాగానే నోరు మూసుకోవడం మొదలుపెట్టింది. "సెంచాతో తింటే ఆస్పత్రిలో ఉన్నట్టుంటాది. నాకొద్దు" అని టీ బిస్కెట్ల మీద గడిపింది. అన్నయ్య భయపడి నాకు ఫోన్ చేశాడు.

ఆదివారం వెళ్ళేసరికి అమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పక్కకు తీసుకెళ్ళి కూర్చోబెట్టి, డాక్టరమ్మ చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. నా దగ్గరున్న తెలివంతా వాడాను. అందరి ఒంట్లోనూ ఉండేదే కదమ్మా, నీ ఒంట్లో లేకపోతే ఇంకెవరి నుంచో వచ్చేది, పైగా అదొక్కటే కారణం కాదు అన్నాను. అమ్మ అంతా విని, "అందరి ఒంట్లో ఉంటే ఉండనీ పాపా. మా అప్పకి మాత్రం నా నోట్లోంచే ఎల్లినాది గదా. ముద్ద నోటికాడికి తెస్తే నా సెయ్యి ఎనక్కి పోతాది. నేనేటి సెయ్యను?" అంది. మా అమ్మ పెద్దమ్మను అప్ప అనే పిలిచేది. లెక్క ప్రకారం ఆవిడ చెప్పింది కాదనలేను.

ఈ మాటలన్నీ గదిలోంచి పెద్దమ్మకు వినిపిస్తూనే ఉన్నాయి. "ఇద్దరూ ఇలగ రండి" అని కేక వేసింది. వెళ్ళాం. మంచం మీద దిళ్ళకు ఆనుకుని, జడ్జిలా కూర్చుని ఉంది.

"పిల్లా, జొరం ముందు నీకు ఒచ్చినాదని డాక్టరమ్మకి ఎందుకు సెప్పినావు?"

"ఒచ్చినాది గాబట్టి సెప్పినాను."

"నీకెవులు సెప్పినారు? ముందు ఒచ్చింది నాకు. నీ పెళ్ళికి ముందు మా పిన్ని కూతురి పెళ్ళని పలాస ఎల్లినాను. అక్కడ పట్టుకున్నాది. గొంతు నొప్పీ, బిళ్ళలూ అన్నీ అక్కడే. ఇంటికొచ్చి సెప్పనేదు. కొత్త కోడలొస్తాదని ఇంట్లో సున్నాలేస్తన్నారు, వంటలు సేస్తన్నారు. నేను పడుకుంటే ఎవులు సూస్తారు?"

అమ్మ అనుమానంగా చూసింది. "మెడ మీద బిళ్ళలుంటే అత్తకి కనబడవా?"

"కనబడితే ఏటి సేస్తాది? గొలుసు యేస్తాది. గొలుసు అప్పటికే నా మెడలో ఉన్నాది గదా. మందు ముందే యేసుకున్న మనిషిని ఎవులు సూస్తారు?"

నాకు నవ్వు ఆగలేదు. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆలోచిస్తోంది. "మరి నా తరవాత నీకు మళ్ళీ ఎందుకొచ్చినాది? డాక్టరు బాబు రగతం తీసి సెప్పినాడు గదా?"

పెద్దమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మొన్న డాక్టరమ్మ ఏటన్నాది? అది ఒంట్లోనే ఓ మూల పడుంటాదని అన్నాదా నేదా? పడున్నది మళ్ళీ లేచినాది. ఎవులికి తెలీదది? పాపా, నువ్వు సెప్పు, అన్నాదా నేదా?"

అన్నది. ఆ మాట నిజమే. కానీ పలాస పెళ్ళి సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ నోట మేం విని ఉండలేదు. ఆ కథలో ఎక్కడెక్కడ అతుకులు ఉన్నాయో నా ఇనిస్పెట్టరు బుర్రకు కనబడుతూనే ఉంది. నేను నోరు తెరవబోతే పెద్దమ్మ నా వైపు ఒక చూపు చూసింది. చిన్నప్పుడు పెద్దవాళ్ళ మాటల మధ్యలో దూరితే చూసే చూపు అది. "అవునమ్మా, అలాగే అంది" అన్నాను అమ్మతో.

అమ్మ తల ఎత్తింది. అప్పుడు ముఖంలో ఉన్నది ఏడుపు కాదు, కోపం.

"అయితే నాకా జొరం నువ్వే ఇచ్చినావా?"

"ఇచ్చినాను."

"కొత్త పెళ్ళికూతుర్ని. నెల్లాళ్ళు మంచాన పడున్నాను. గొంతులోంచి గంజి దిగనేదు."

"ఇచ్చినానని సెప్తన్నాను గదా. ఏటి సేస్తావు? కేసు పెడతావా? పెట్టు. ముందు అన్నం ఎట్టి, అప్పుడు పెట్టు. ఆకలితో కోర్టుకి రాలేను."

అమ్మ గబగబా వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు గట్టిగానే అయింది. వచ్చేటప్పుడు చేతిలో ఒకటే కంచం ఉంది. గసగసాలు నూరి చేసిన ఆలూ పోస్తో ఒక పక్క, బెండకాయ పులుసు ఒక పక్క. గొణుక్కుంటూ కలిపింది, గొణుక్కుంటూనే మొదటి ముద్ద పెద్దమ్మ నోట్లో పెట్టింది, రెండోది తను తింది. "నెల్లాళ్ళు" అని మధ్యలో మళ్ళీ అంది. "ఉప్పు తక్కువైనాది" అంది పెద్దమ్మ. అన్నయ్య గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వారం పెద్దమ్మ ఆకలి చూసి అందరం నవ్వుకున్నాం.

ఆ సాయంత్రం అమ్మ బజారుకు వెళ్ళినప్పుడు పెద్దమ్మ మెడకు తడి తువ్వాలు మారుస్తూ అడిగాను, పలాస సంగతి నిజమేనా అని. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "నిజమైతే నీకేటి, అబద్ధమైతే నీకేటి? నువ్వు ప్యాక్టరీలో ఎతుక్కో. ఆడ దొంగ మెషీను దొరికితే బాగు సేస్తావు. ఇంట్లో దొరికిన మనిషిని ఏటి సేస్తావు?" అంది. తనే మళ్ళీ అంది. "ఆ జొరం నాకు రాకూడదంటే మీ యమ్మతో ఒక కంచంలో తినకండా ఉండాల. అంత నష్టం నేను పడనేను." ఏడుస్తూ చెప్పలేదు, గొప్పగానూ చెప్పలేదు. వర్షం వస్తుందేమో బట్టలు తీయమని చెప్పే గొంతుతోనే చెప్పింది. తర్వాత నిజంగానే బట్టలు తీయమంది.

ఆ తర్వాత గడిచిన కాలం వాళ్ళకు బాగానే గడిచింది. పెద్దమ్మకు చేతులు ఇంకా మొద్దుబారాయి, మాట కాస్త ముద్దయింది. అయినా ఎవరికైనా ఏదైనా తప్పు జరిగితే, "నా మీద రాసీండి. జొరం కేసు ఎలాగూ నా మీదే ఉన్నాది" అనేది. పాలు పొంగిపోయినా, కరెంటు పోయినా ఆవిడే ఒప్పుకునేది. అమ్మ కూడా ఆ నేరం ఊరికే వదిలిపెట్టలేదు. వీధిలో ఎవరికి జ్వరం వచ్చిందని తెలిసినా, "మా అప్పని అడగండి, ఇచ్చింది తనేనేమో" అనేది. మొన్న చలికాలం పెద్దమ్మ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాక మళ్ళీ కోలుకోలేదు.

కర్మ జరిగే రోజులలో ఒక మధ్యాహ్నం అమ్మ, నేను పెరట్లో కూర్చుని బియ్యం ఏరుతున్నాం. అమ్మ తల ఎత్తకుండానే, "మీ పెద్దమ్మ పలాస ఎల్లనేదు" అంది. నేను చేతిలో పని ఆపేశాను. "ఆ పెళ్ళికి మీ పెద్దనాన్న ఒక్కడే ఎల్లినాడు. ఆ కొత్తలో నాకు మీ నానమ్మే సెప్పినాది, పెద్ద కోడల్ని పంపనేదని. ఆ రోజు ఆ మాట అప్ప అన్న వెంటనే నాకు తెలిసిపోనాది."

"మరి నమ్మినట్టు ఎందుకున్నావమ్మా?"

"నమ్మక్కర్లేదు పాపా. నా కోసరం అంత అబద్ధం ఆడినాదంటే, నా మీద కోపం లేనట్టే గదా. నాకు కావల్సింది అదే. ఎవులు ముందో ఎవులు ఎనకో నాకెందుకు?" అని మెరిగెలు ఏరి పారేసింది. అబద్ధం చెప్పినావిడకు అది అతకలేదని తెలియదు. విన్న అమ్మ ఆ సంగతి పెద్దమ్మకు చివరిదాకా తెలియనివ్వలేదు. ఆ ఆదివారం ఆ గదిలో కూర్చుని అంతా కనిపెట్టేశాననుకున్న నాకు ఇది మాత్రం కనబడలేదు. నాకు బాధ కలగలేదు. ఇద్దరి మీదా ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని కాసేపు పడుకున్నాను.

పెద్దకర్మ నాడు వంటంతా అమ్మే చేసింది. బెండకాయ పులుసు, ఆలూ పోస్తో, గారెలు, గిన్నెడు ముఢీలో ఆవకాయ ఊట. పోయినవాళ్ళకు పెట్టే విస్తరి ఎవరూ ఎంగిలి పడకముందే వడ్డించాలి. వంటలో ఉప్పు కూడా రుచి చూడరు. పెద్దమ్మ ఫొటో ముందు అరటాకు వేసి, అన్నయ్య పక్కన కూర్చున్నాడు. అమ్మ ఒక్కొక్కటీ వడ్డించింది. అంతా అయ్యాక లేవకుండా, ఆకు ముందే మఠం వేసుకుని కూర్చుని, పులుసు పోసి అన్నం కలిపింది. ఒక ముద్ద తీసి తన నోట్లో పెట్టుకుంది.

పంతులుగారు కంగారుపడ్డారు. "అమ్మా, అదేమిటి, ఎంగిలి చేశారు. ఇంకో విస్తరి వేయాలి."

"వద్దు బాబూ. మా అప్ప నేను ముట్టకండా ఎప్పుడూ తిన్నేదు" అంది అమ్మ, నములుతూనే.

పంతులుగారు అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య కాస్త పక్కకు జరిగి అమ్మకు చోటిచ్చాడు. అమ్మ రెండో ముద్ద చేసి, దాన్ని ఆకుకు అవతలి వైపు, పులుసు ఉన్న వైపు పెట్టింది. ఆవిడ చెయ్యి వెనక్కి పోలేదు.